ఫ్లూ టీకా ఎప్పుడు వేయించుకోవాలో మాకు చెప్పాల్సింది ఎవరు?

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖల మంత్రులకు, ప్రజారోగ్య శాఖల డైరెక్టర్లకు, రెండు రాష్ట్రాల్లోని కీళ్లవాత, కిడ్నీ, క్యాన్సర్, చర్మ, జీర్ణకోశ వ్యాధుల స్పెషలిస్టులకు బహిరంగ లేఖ

నమస్కారం.

నేను తెలంగాణలో ఒక ప్రభుత్వ పాఠశాలలో పనిచేస్తున్న ఉపాధ్యాయురాలిని. నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లవాతం) ఉంది. చాలా ఏళ్లుగా దానికి మెథోట్రెక్సేట్ అనే, రోగనిరోధక శక్తిని తగ్గించే మాత్ర వాడుతున్నాను. ఆ మాత్ర లేకపోతే ఈపాటికి నా వేళ్లు వంకర్లు పోయి సుద్దముక్క కూడా పట్టుకోలేకపోయేదాన్ని. అందుకు డాక్టర్లకు ఎప్పటికీ రుణపడి ఉంటాను. ఈ లేఖ మందు గురించి కాదు. ఆ మందు రాసిచ్చేటప్పుడు చెప్పకుండా వదిలేస్తున్న ఒక మాట గురించి.

పోయిన వానాకాలం మా బడిలో పిల్లలకు వరసగా జ్వరాలు వచ్చాయి. వాళ్లు నాలుగు రోజుల్లో లేచి మళ్లీ గ్రౌండులో పరుగులు పెట్టారు. అదే జ్వరం నాకు న్యుమోనియాగా మారి ఐసీయూ దాకా తీసుకెళ్లింది. డిశ్చార్జి చేసేటప్పుడు డ్యూటీలో ఉన్న చిన్న వయసు డాక్టరమ్మ అడిగింది: "ఇమ్యూనిటీ తగ్గించే మందు వాడుతున్నారు కదా మేడమ్, ఫ్లూ టీకా వేయించుకోలేదా?" అన్నేళ్ల వైద్యంలో ఆ ప్రశ్న నన్ను అడిగిన మొదటి మనిషి ఆమె.

తర్వాత నేనే అడగడం మొదలుపెట్టాను. ఒకరు అవసరం లేదన్నారు. ఒకరు అక్టోబరులో రమ్మన్నారు. ఇంకొకరు మందులన్నీ నెలరోజులు ఆపేసి వేయించుకోమన్నారు. ముగ్గురూ చదువుకున్న డాక్టర్లే. ఈ గందరగోళాన్ని సరిచేయమని సంబంధిత అధికారులకు అర్జీ పెట్టాను. రసీదు ఇచ్చారు. జవాబు రాలేదు. మళ్లీ వానాకాలం వస్తోంది కాబట్టి ఇప్పుడు అందరి ముందూ అడుగుతున్నాను.

మాలాంటివాళ్లు పిడికెడు మంది కాదు. దేశంలో జరిగిన సర్వేలను బట్టి రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఒక్కటే వెయ్యి మంది పెద్దల్లో అయిదు నుంచి ఏడుగురికి ఉంటుందని అంచనా. రెండు రాష్ట్రాల జనాభాకు లెక్క వేస్తే లక్షల్లో తేలుతుంది. వీళ్లకు తోడు లూపస్‌కి (ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద దాడి చేసే జబ్బు) మైకోఫెనొలేట్ వాడేవాళ్లు, కిడ్నీ మార్పిడి తర్వాత టాక్రోలిమస్ మీద ఉన్నవాళ్లు, సోరియాసిస్‌కి, పెద్దపేగు పూతకి బయోలాజికల్ ఇంజెక్షన్లు తీసుకునేవాళ్లు, కీమోథెరపీలో ఉన్నవాళ్లు, నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు మింగేవాళ్లు ఉన్నారు. ఈ మందులన్నీ, అందుకోసమే ఇచ్చినా, దుష్ప్రభావంగానైనా, ఒంట్లోని రోగనిరోధక శక్తిని అణచి ఉంచుతాయి. ఫ్లూ వస్తే అది ముదిరే ముప్పు మిగతావాళ్ల కంటే మాకు ఎక్కువ. టీకా వేయించుకున్నా ఒంట్లో యాంటీబాడీలు తయారయ్యేది తక్కువ. అందుకే మా విషయంలో టీకా వేయడంతో సరిపోదు, ఎప్పుడు వేశారన్నది కూడా చూడాలి.

ఈ సంగతి ప్రభుత్వానికి తెలియనిది కాదు. స్వైన్ ఫ్లూ రోజుల నుంచి కేంద్ర ఆరోగ్య శాఖ ఫ్లూ లక్షణాలున్నవాళ్లను ఏ, బీ, సీ అని మూడు కేటగిరీలుగా విడదీస్తోంది. దీర్ఘకాలం స్టెరాయిడ్లు వాడేవాళ్లు, క్యాన్సర్, కిడ్నీ జబ్బులున్నవాళ్లు బీ కేటగిరీలో ముప్పు ఎక్కువున్న గుంపులోకి వస్తారు. స్వల్ప లక్షణాలున్నా సరే, వాళ్లకు ఒసెల్టామివిర్ అనే ఫ్లూ మందు ఇవ్వాలని అందులో ఉంది. అంటే జ్వరం వచ్చాక మమ్మల్ని ప్రత్యేకంగా చూడాలని కాగితం మీద రాసుకున్నారు. జ్వరం రాకముందు మా గురించి ఆలోచించే కాగితం ఏది?

మా హైదరాబాదుకు ఈ జబ్బు కొత్త కాదు. 2009 మేలో దేశంలో మొదటి స్వైన్ ఫ్లూ కేసు బయటపడింది ఇక్కడే, అమెరికా నుంచి వచ్చిన ఒక ప్రయాణికుడిలో. 2015లో దేశమంతటా ఆ ఒక్క ఏడాదే 2,990 మంది చనిపోయినట్టు ప్రభుత్వ లెక్క. ఆ ఏడాది తెలంగాణ ఎంత అల్లాడిందో గాంధీ ఆస్పత్రి వార్డుల్లో పనిచేసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది.

ఇప్పుడు మామూలు జనం ఎక్కడెక్కడ నష్టపోతున్నారో ఒక్కొక్కటిగా రాస్తాను.

1. ఫ్లూ టీకా అక్టోబరులో వేయించుకోవాలని ఇక్కడ చాలామంది అనుకుంటున్నారు. అమెరికాలో ఉన్న పిల్లలు సెప్టెంబరు, అక్టోబరుల్లో ఫోన్ చేసి "అమ్మా, ఫ్లూ షాట్ వేయించుకున్నావా?" అని అడుగుతారు. డల్లాస్‌లో అది సరైన సమయమే, అక్కడ ఫ్లూ చలికాలంలో వస్తుంది. మన దేశంలో చాలాచోట్ల ఫ్లూ వానలతో పాటు పెరుగుతుంది, జనవరి నుంచి మార్చి వరకు మరోసారి తిరగబెడుతుంది. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ శాస్త్రవేత్తలు పాల్గొన్న 2015 నాటి అధ్యయనం దేశంలోని వేర్వేరు ఊళ్ల లెక్కలు చూసి, చాలా ప్రాంతాలకు ఏప్రిల్, మే నెలలే టీకాకు అనువైనవని చెప్పింది. శ్రీనగర్ లాంటి చోట మాత్రం చలికాలానికి ముందు. చెన్నై, వేలూరుల్లో ఫ్లూ ఎక్కువయ్యేది ఈశాన్య రుతుపవనాల వేళ. మరి అవే రుతుపవనాల మీద ఆధారపడే నెల్లూరు, తిరుపతి వాళ్లు ఏ నెలలో వేయించుకోవాలి? ఆదిలాబాద్ వాళ్లు ఏ నెలలో? జిల్లాల జ్వరాల లెక్కలు మీ దగ్గరే ఉంటాయి. టీకా వేశాక రక్షణ రావడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. కాబట్టి మృగశిర కార్తె చినుకులు పడేసరికి ఒంట్లో రక్షణ సిద్ధంగా ఉండాలంటే, టీకా రోహిణి కార్తె ఎండలకు ముందే పడాలి. సెప్టెంబరులో వేయించుకున్నవాళ్లకు ఆ ఏడాది వానాకాలమంతా రక్షణ లేకుండానే గడిచిపోతుంది.

టీకా కూడా ఏటా మారుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి ఏ రకం వైరస్‌లు పెట్టాలో చెబుతుంది. మన మందుల షాపుల్లో రెండూ దొరుకుతాయి. డబ్బా మీద ఏ ఏడాది, ఏ అర్ధగోళం అన్నది చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. నేను కొన్న షాపులో ఆ కుర్రాడు ఫ్రిజ్‌లోంచి డబ్బా తీసి, నేను చూపించేదాకా ఆ అక్షరాలు ఎందుకున్నాయో తనకు తెలియదన్నాడు. తప్పు ఆ కుర్రాడిది కాదు, వాడికి చెప్పినవాళ్లు లేరు.

2. మెథోట్రెక్సేట్ వాడేవాళ్ల సంగతి. ఇది వారానికి ఒక్కసారి వేసుకునే మాత్ర. దక్షిణ కొరియాలో రుమటాయిడ్ ఆర్థరైటిస్ రోగుల మీద చేసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, ఫ్లూ టీకా తర్వాత రెండు వారాలు ఈ మాత్ర ఆపినవాళ్లలో 75.5 శాతం మందికి టీకాతో యాంటీబాడీలు బాగా తయారయ్యాయి. ఆపకుండా వాడినవాళ్లలో 54.5 శాతం మందికే. అంటే మాత్ర ఆపినవాళ్లలో ప్రతి అయిదుగురికి ఒకరు చొప్పున ఎక్కువ మందికి మేలు జరిగింది. దానికి అయిన ఖర్చు సున్నా. కొత్త మందు లేదు, కొత్త టెస్టు లేదు, టీకా తర్వాత రెండు వారాల మాత్రలు మానడమే. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ (అక్కడి కీళ్లవాత వైద్యుల సంఘం) 2022 మార్గదర్శకాల్లో కూడా జబ్బు అదుపులో ఉంటే రెండు వారాలు ఆపమనే ఉంది. జబ్బు ఉధృతంగా ఉంటే ఆపకూడదు, కీళ్ల నొప్పులు తిరగబెట్టవచ్చు. ఆ సంగతి తేల్చాల్సింది డాక్టరే, మేం కాదు. మాత్ర ఆపడం కుదరకపోయినా టీకా మానకూడదన్నది కూడా అంతే ముఖ్యం. పూర్తి రక్షణ రాదని ఉన్న కాస్త రక్షణా వదులుకుంటే నష్టం మాకే.

నా చీటీ ఎలా ఉంటుందో చెప్తాను. మెథోట్రెక్సేట్ 15 మిల్లీగ్రాములు, పక్కన "ఆదివారం మాత్రమే" అని రాసి చుట్టూ సున్నా చుట్టి ఉంటుంది, పొరపాటున రోజూ మింగేస్తామని. ఫోలిక్ యాసిడ్ ఏ రోజు వేసుకోవాలో రాసి ఉంటుంది. లివర్ టెస్టు, రక్త పరీక్ష ఎప్పుడు చేయించుకోవాలో ఉంటుంది. మూడు నెలల తర్వాత మళ్లీ రమ్మని అడుగున ఉంటుంది. ఇంత జాగ్రత్తగా రాసే చీటీలో "మే మొదటి వారంలో ఫ్లూ టీకా, తర్వాత రెండు ఆదివారాలు మాత్ర వద్దు" అని ఒక్క లైను పట్టదా?

3. రిటుక్సిమాబ్ ఇంజెక్షన్ తీసుకునేవాళ్లకు లెక్క ఇంకా సున్నితం. ఆ మందు యాంటీబాడీలు తయారుచేసే కణాలనే తుడిచేస్తుంది. డోసు పడిన తర్వాత దాదాపు ఆరు నెలల పాటు టీకాకు ఒళ్లు సరిగా స్పందించదు. చాలామందికి ఆరు నెలలకోసారి ఇంజెక్షన్ ఇస్తారు. ముందుచూపు ఉంటే, తర్వాతి డోసుకు ముందే టీకా వేసి, కనీసం రెండు వారాలు ఆగి ఇంజెక్షన్ ఎక్కించవచ్చు. మా ఓపీలో పరిచయమైన ఒక చెల్లెలికి లూపస్. మేలో ఇంజెక్షన్ ఎక్కించారు, జూన్‌లో టీకా వేయించుకోమన్నారు. వేయించుకుంది, మంచిదే. అదే ఆ రెండు తేదీలనూ తారుమారు చేసి ఉంటే, అదే డబ్బుకు, అదే సూదికి ఎక్కువ ప్రయోజనం ఉండేది. ఎవరూ క్యాలెండర్ చూడలేదు.

4. "మందులు ఆపి టీకా వేయించుకోండి" అనే గాలిమాట వల్ల జరిగే ప్రమాదం నాకు అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టేది. రెండు వారాలు ఆపమనే సలహా మెథోట్రెక్సేట్‌కి. ఫ్లూ టీకా కోసం మైకోఫెనొలేట్, అజాథయోప్రిన్ లాంటి మిగతా మాత్రలు ఆపనక్కర్లేదనే పైన చెప్పిన అమెరికన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. స్టెరాయిడ్ డోసు ఎక్కువగా ఉన్నా ఫ్లూ టీకా వాయిదా వేయొద్దనీ ఉంది. నెలల తరబడి స్టెరాయిడ్ వాడుతున్న మనిషి ఒక్కసారిగా ఆపేస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. కిడ్నీ మార్పిడి అయినవాళ్లు టాక్రోలిమస్ ఆపితే, అన్న ఇచ్చిందో తల్లి ఇచ్చిందో ఆ కిడ్నీనే ఒళ్లు తిరస్కరిస్తుంది. చదువురాని రైతుకూలీ "మాత్ర ఆపాలట" అని విని ఏ మాత్ర ఆపుతాడు? సంచీలో ఉన్నవన్నీ ఆపుతాడు. పక్కింటివాళ్ల మాటా వాట్సాప్ మెసేజీ చేరినంత వేగంగా మీ మాట చేరకపోతే జరిగేది ఇదే.

5. మార్పిడి ఆపరేషన్, కీమోథెరపీ లాంటివి ముందే తేదీ తెలిసేవి. కుదిరితే మందు మొదలుపెట్టడానికి కనీసం రెండు వారాల ముందే టీకా వేయాలని వైద్యశాస్త్రం చెబుతోంది. కిడ్నీ మార్పిడి తర్వాత అయితే నెల గడిచాక వేయవచ్చు. ఆపరేషన్‌కి ముందు దంతాల నుంచి గుండె దాకా పరీక్షలన్నీ చేయిస్తారు. టీకాల ప్రస్తావన వచ్చినా హెపటైటిస్ బీ దగ్గరే చాలాసార్లు ఆగిపోతుంది.

6. ముక్కులో కొట్టే స్ప్రే టీకాలో బలహీనపరచిన బతికున్న వైరస్ ఉంటుంది. మాలాంటివాళ్లకు అది పనికిరాదు, చేతికి వేసే సూది టీకాయే వేయాలి. ఈ చిన్న మాట కూడా తెలుగులో రాసిపెట్టి నాకు ఎక్కడా కనిపించలేదు.

7. డబ్బు. ఫ్లూ టీకా సార్వత్రిక టీకాల కార్యక్రమంలో లేదు. బయట కొనాలంటే వెయ్యి రూపాయలు దాటుతుంది, అదీ ప్రతి ఏడాదీ. నెలకు మాత్రలకే అప్పు చేసే ఇంట్లో ఆ వెయ్యి ఎక్కడి నుంచి వస్తుంది? ఇదే ప్రభుత్వం ఆరోగ్యశ్రీ కింద, ఎన్టీఆర్ వైద్య సేవ కింద కిడ్నీ మార్పిడికి లక్షలు ఖర్చు పెడుతోంది, అందుకు చేతులెత్తి మొక్కుతున్నాం. అలా నిలబెట్టిన ప్రాణాన్ని వానాకాలం జ్వరానికి వదిలేయకండి. ఇది కొత్తగా అడుగుతున్న కోరిక కూడా కాదు. మహారాష్ట్ర 2015లోనే గర్భిణులకు, షుగర్, బీపీ ఉన్నవాళ్లకు ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఫ్లూ టీకా ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. హజ్ యాత్రకు వెళ్లే పెద్దవయసు వాళ్లకు ఇక్కడా ప్రభుత్వమే వేయిస్తోంది. కొనే దారి, నిల్వ చేసే దారి, వేసే దారి అన్నీ ఉన్నాయి.

డాక్టర్లకు ఒక మాట. మీ ఓపీలో ఒక్కో రోగికి దొరికేది అయిదు నిమిషాలని మాకు తెలుసు. బయట బెంచీల మీద కూర్చున్నవాళ్లను చూసి మేమే తొందరగా లేచి వస్తాం. కీళ్ల డాక్టర్ గారు టీకా సంగతి ఫిజీషియన్ చూసుకుంటారనుకుంటారు, ఫిజీషియన్ గారు "మీ స్పెషలిస్టునే అడగండమ్మా" అంటారు. ఇద్దరి మధ్యలో నలిగేది మేము. మందు రాసిన చేయే టీకా తేదీ కూడా రాయాలన్నది నా అభ్యర్థన. ఆ మందు మా ఒంటిని ఏం చేస్తుందో, ఎప్పుడు ఆపవచ్చో, ఎప్పుడు ఆపకూడదో మీకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

మా డిమాండ్లు ఇవి.

ఒకటి. ప్రతి ఏటా ఏప్రిల్ 15లోగా రెండు రాష్ట్రాల ప్రజారోగ్య శాఖలు ఒక పేజీ సూచన తెలుగులో విడుదల చేయాలి. ఆ ఏడాది ఏ టీకా కొనాలి, ఏ జిల్లాలో ఏ నెలలో వేయించుకోవాలి, ఏ మందు వాడేవాళ్లు ఏం చేయాలి అన్నది మందుల పేర్లతో సహా అందులో ఉండాలి. ఏ మందు ఎట్టి పరిస్థితుల్లోనూ సొంతంగా ఆపకూడదో పెద్ద అక్షరాల్లో ఉండాలి. అది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల గోడల మీద, మందుల షాపుల కౌంటర్ల దగ్గర కనిపించాలి. ఆశా కార్యకర్తల చేతుల్లో ఉండాలి. ఉర్దూలోనూ ఇవ్వాలి.

రెండు. ప్రభుత్వ, ప్రైవేటు ఆస్పత్రుల్లో రోగనిరోధక శక్తిని తగ్గించే మందు రాసే ప్రతి చీటీలో, డిశ్చార్జి కాగితంలో టీకాకు ఒక గడి పెట్టించాలి. అందులో మూడు విషయాలు చాలు: టీకా వేయాల్సిన తేదీ, ఆపాల్సిన మందు ఉంటే దాని పేరు, తిరిగి మొదలుపెట్టాల్సిన తేదీ. ఆపనక్కర్లేకపోతే "ఏదీ ఆపవద్దు" అని రాయాలి. ఆ గడి ఖాళీగా ఉంటే అడిగే హక్కు రోగికి ఉందని అక్కడే అచ్చు వేయించాలి.

మూడు. ఈ మందులు వాడేవాళ్లకు ఫ్లూ టీకా ఉచితంగా ఇవ్వాలి. దానికోసం ఇంకో క్యూ, ఇంకో కార్డు పెట్టొద్దు. నెల మాత్రలు తీసుకోవడానికి వచ్చిన రోజే, వచ్చిన చోటే వేయాలి. ముందుగా బోధనాసుపత్రుల్లో మొదలుపెట్టినా ఒప్పుకుంటాం, జిల్లా ఆస్పత్రులకు ఎప్పటికి వస్తుందో మాత్రం తేదీ చెప్పాలి.

నాలుగు. మా ఇళ్లలో ఉండేవాళ్లకూ టీకా వేయించుకోమని సలహా రాసివ్వాలి. మా ఒంట్లో టీకా తక్కువగా పనిచేస్తుంది కాబట్టి, చుట్టూ ఉన్నవాళ్లు జబ్బు మోసుకురాకుండా ఉండటమే మిగతా రక్షణ. డయాలసిస్, కీమోథెరపీ, ట్రాన్స్‌ప్లాంట్ వార్డుల సిబ్బంది అందరికీ ఏటా తప్పకుండా వేయాలి. వైద్య సిబ్బందికి ఫ్లూ టీకా ఇవ్వాలని కేంద్రం ఎప్పుడో చెప్పింది, మీ ఆస్పత్రుల్లో ఎందరికి వేశారో ఆ లెక్క బయటపెట్టాలి.

అయిదు. వానాకాలమంతా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఒసెల్టామివిర్ నిల్వ ఉండాలి. లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు పడితేనే ఆ మందు బాగా పనిచేస్తుంది. ఊరి నుంచి జిల్లా కేంద్రానికి, అక్కడి నుంచి హైదరాబాదుకు, విజయవాడకు పంపించేలోపు ఆ 48 గంటలూ బస్టాండుల్లోనే అయిపోతున్నాయి. "నేను ఫలానా మాత్ర వాడుతున్నాను, జ్వరం వచ్చింది" అని చెప్పిన మనిషిని పారాసెటమాల్ ఇచ్చి తిప్పి పంపకూడదని మెడికల్ ఆఫీసర్లకు రాతపూర్వకంగా ఆదేశాలివ్వాలి.

మొదటి రెండు డిమాండ్లకు బడ్జెట్ అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు. కాబట్టి వాటి మీద ఈ నెలాఖరులోగా జవాబు అడుగుతున్నాను. టీకా ఉచితంగా ఇవ్వడం, సిబ్బంది లెక్కలు, మందు నిల్వల మీద మే మొదటి వారంలోగా మీ నిర్ణయం ప్రకటించండి. స్పెషలిస్టు డాక్టర్లు మాత్రం ఏ సర్క్యులర్ కోసమూ ఆగనక్కర్లేదు, రేపటి ఓపీ నుంచే ఆ ఒక్క లైను రాయడం మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
మెథోట్రెక్సేట్ వాడుతున్న ఒక ఉపాధ్యాయురాలు,
మా ఓపీ బెంచీల మీద పరిచయమైన తోటి రోగుల, వారి కుటుంబాల తరఫున